వదిన తీసుకున్న సెలవు

మొన్న మా ఆఫీసులో అందరి ఫోన్లకీ ఒక మెసేజ్ వచ్చింది. మిగిలిన ఎర్న్‌డ్ లీవులు ఏడాది చివరిలోగా వాడుకోవాలట, లేకపోతే రద్దవుతాయట. పక్క సీటావిడ వెంటనే అరకులో హోటళ్లు వెతకడం మొదలుపెట్టింది. నాకు మాత్రం మా వదిన గుర్తొచ్చింది.

వదిన బెజవాడలో ఒక పెద్ద చీరల షోరూములో, మంగళగిరి చీరల కౌంటర్లో పనిచేసేది. అక్కడ పనిచేసే ఆడవాళ్లు కూర్చోకూడదు; కుర్చీలున్నది కొనేవాళ్లకి. బేరం లేకపోయినా నిలబడే ఉండాలి. రాత్రి ఇంటికొచ్చి పాదాలు వేడి ఉప్పునీళ్లలో పెట్టుకుని, ఆ కాసేపట్లోనే మర్నాటి చిక్కుళ్లకి ఈనెలు తీసేది. ఒంట్లో బాగోక ఒకపూట మానేస్తే జీతం కోసేవారు. అలాంటిది ఒక ఏడాది కార్మిక శాఖ అధికారి తనిఖీకొచ్చి, జీతంతో సెలవివ్వడం మీ దయ కాదు, చట్టమని యజమానికి గట్టిగా చెప్పి వెళ్లాడట. దాంతో వదినకి మొదటిసారి, కోత లేని సెలవు వరసగా కొన్ని రోజులు దొరికింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సెలవు రోజుల్లోనూ రోజూలాగే క్యారేజీ కట్టుకుని బయల్దేరేది.

అప్పట్లో నేను రోజూ బెజవాడ నుంచి రైల్లో వెళ్లి గుడివాడలో ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు బడి త్వరగా వదిలేస్తే మధ్యాహ్నం రైలే ఎక్కాను. కిటికీ పక్కన వదిన కూర్చుని ఉంది, షోరూము యూనిఫాం చీరలోనే. పొద్దున బందరు వెళ్లి, తిరిగొస్తోంది. బందరులో ఎవరున్నారని అడిగాను.

"ఎవరూ లేరమ్మా. కూర్చోడానికి వచ్చాను," అంది. "ఇంట్లో చెప్పకు. చెప్తే అటక దులపడానికే సరిపోతుంది నా సెలవు," అని నవ్వింది.

నిజమే. మా అమ్మ చెడ్డది కాదు గానీ, ఖాళీగా ఉన్న చెయ్యి కనిపిస్తే దానికో పని అంటించేదాకా ఊరుకునేది కాదు. ఆ పూట బెజవాడ దాకా వదిన కిటికీ వదల్లేదు. చేపల చెరువులూ, వాటి గట్ల మీద కొంగలూ వెనక్కి వెళ్లిపోతుంటే, చెప్పులు విడిచి కాళ్లు ఎదుటి సీటు మీదికి చాపుకుని చూస్తూ ఉంది.

ఆ వారంలోనే అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అన్న వదినకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. షోరూముకి చేస్తే, ఆవిడ సెలవులో ఉన్నారు కదండీ అన్నారు. సాయంత్రం వదిన ఎప్పటి వేళకే ఇంటికొచ్చి, కబురు విని ఆసుపత్రికి పరిగెత్తింది. వరండాలో అన్న గొంతు పెంచకుండా, ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు.

"రైల్లో కూర్చుంటున్నానండీ."

నేను చూశానన్నాను. అయితే నీకూ తెలుసన్నమాట అన్నాడు, అంతే. మమ్మల్నిద్దర్నీ నమ్మలేదు.

మిగిలిన సెలవంతా వదిన అమ్మ మంచం పక్కన స్టూలు మీద గడిపింది. అమ్మ కోలుకుంది. వదిన పనిలో చేరాక అన్న రోజూ స్కూటరు మీద దింపి, రాత్రి తనే తీసుకొచ్చేవాడు. పెళ్లామంటే ఎంత ప్రేమోనని వీధిలో అందరూ మెచ్చుకున్నారు. వెనక వదిన క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మళ్లీ ఎప్పుడూ సెలవు అడగలేదు. మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాక ఉద్యోగమే మానేసింది.

మెసేజ్ వచ్చిన వారం, ఆదివారం నాడు అన్న ఇంటికి వెళ్లాను. ఇద్దరం ఒకసారి రైల్లో బందరు వెళ్లొద్దామా అని వదినని అడిగాను. పేపరు చదువుతున్న అన్న తలెత్తకుండానే, "పోనీ, వెళ్లిరా," అన్నాడు.

"ఇప్పుడెందుకులెండి," అంది వదిన, టీ గ్లాసులు తీస్తూ.

అన్న ఆ మాట అనడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో, వెళ్లాలని ఉన్న మనిషి ఆ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో మేమెవరమూ గమనించలేదు.