చామంతులకి చీకటి కావాలి

నా దగ్గర పూలసాగు చదువుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు బ్యాంకుల్లో ఉన్నారు. ఏటా ఆఖరి క్లాసులో "మీలో ఎవరైనా పాలీహౌస్ వేస్తారా?" అని అడుగుతాను. నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు, నెల తిరిగేసరికి జీతం తీసుకునేదాన్ని నేను కదా. ఒక్క పిల్ల మాత్రం నవ్వలేదు. విశాఖ దగ్గర పద్మనాభం పక్క పల్లెటూరి కోడలు, పెళ్ళయ్యాకే చదువుకొచ్చింది. చదువవగానే మామగారిని ఒప్పించి వరిమడిలో పైపులు నిలబెట్టించి, పైన ప్లాస్టిక్ కప్పించింది. నా పరిశోధన మొక్కలకీ అందులో ఓ మూల చోటిచ్చింది.

మొదటి ఏడు బొకేల్లో పెట్టే జెర్బెరా పూలు వేసింది. విశాఖ ఉక్కపోత సంగతి చెప్పాలా? వేసవిలో లోపల ఉడికిపోయి మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. అప్పటికే తగరపువలస వైపు పొలాలు ఒక్కొక్కటీ ప్లాట్లయిపోతున్నాయి. లేఅవుట్ వాళ్ళు మామగారి గుమ్మం దగ్గరే తిరుగుతున్నారు. ఆయన కోడలికి ఇంకొక్క పంట గడువిచ్చాడు. మార్గశిర లక్ష్మివారాలకి పూలు తీస్తే పాలీహౌస్ ఉంటుంది, లేదంటే భూమి ప్లాట్లకి పోతుంది.

లక్ష్మివారమంటే మాకు గురువారం. మార్గశిరంలో ఆ రోజున విశాఖ పాత ఊళ్ళో అమ్మవారి గుడికి జనం విరగబడి వస్తారు, చామంతి ఎంత దించినా చాలదు. అందుకే చామంతి వేద్దామన్నాం. చామంతి రాత్రి పొడవు చూసుకుని మొగ్గ తొడుగుతుంది. మొక్క ఎదిగేదాకా రాత్రిళ్ళు బల్బులేసి ఇంకా పగలే అని నమ్మించాలి, ఎదిగాక బల్బులు తీసేసి చీకటిలో వదిలెయ్యాలి. నేను ఏటా చెప్పే పాఠమే. దసరాకి తీసెయ్యమన్నాను. నా కళ్ళముందే బల్బులన్నీ విప్పి గోనెసంచిలో కట్టేసింది.

కార్తీకం సగమైంది, మొగ్గ లేదు. కార్తీకం వెళ్ళిపోయింది, మొగ్గ లేదు. రోజూ ఫోను. "మేడం, ఆకు నల్లగా నిగనిగలాడతందండి, మొగ్గే రావట్లేదు. నానేటి తప్పు సేసానండి?" ఏం చెప్పను? ఎరువెక్కువైందేమో తగ్గించమన్నాను. నీళ్ళు తగ్గించమన్నాను. చెప్పిన ప్రతిసారీ నా మాట నాకే తేలిగ్గా వినిపించింది. ఇరవై ఏళ్ళుగా ఈ పువ్వు మీద పాఠాలు చెబుతున్న మనిషిని, అది ఎందుకు పూయట్లేదో తెలీక అన్నం సయించలేదు.

మొదటి లక్ష్మివారం దగ్గరపడుతుంటే కాలేజీ అయ్యాక కూర్మన్నపాలెంలో బస్సెక్కి, తగరపువలసలో దిగి ఆటోలో వెళ్ళాను. ఎప్పుడూ పొద్దున్నే వెళ్ళేదాన్ని, ఆ రోజే సాయంత్రమైంది. ఆ పిల్ల ఒక వరస చూపించింది. మొత్తం పాలీహౌస్‌లో ఆ ఒక్క వరసలోనే సెనగగింజలంత మొగ్గలున్నాయి. అదే నారు, అదే మట్టి, అవే నీళ్ళు. ఇద్దరం వంగుని చూస్తూ ఉండిపోయాం.

పొద్దు గూకింది. ఉన్నట్టుండి లోపలంతా తెల్లగా వెలుగు పడింది. బయట నీళ్ళ ట్యాంకు నీడ మాత్రం పొడుగ్గా వచ్చి, సరిగ్గా ఆ మొగ్గల వరస మీద పరుచుకుంది.

బయటికి పరిగెత్తాను. పూలు సర్దుకునే షెడ్డులో ఆ పిల్ల భర్త నల్ల పంచెతో దీపం వెలిగిస్తున్నాడు. అయ్యప్ప మాల. మైల తగలకూడదని ఇంట్లో పడుకోవడం మానేసి, కార్తీకం మొదట్లోనే పీఠం ఇక్కడ పెట్టుకున్నాడట. గుంజకి పెద్ద ఫోకస్ లైటు, తెల్లార్లూ వెలుగు. ఈ పిల్లేమో చీకటి పడకముందే ఇంటికెళ్ళి వంట చూసుకోవాలి, రాత్రిపూట ఇక్కడ ఎన్నడూ ఉన్నది కాదు. ఒళ్ళు మండిపోయింది నాకు. నోటికొచ్చింది అనబోయి, మెడలో మాల చూసి ఆగాను.

"స్వామీ, ఆ లైటు తియ్యండి," అన్నాను.

"దేవుడి దగ్గర లైటు ఆరపకూడదు కదా మేడం," అన్నాడు. విషయం చెప్పాను. వినీవినగానే లేచి వైరు పీకేశాడు. మళ్ళీ పీఠం ముందు కూలబడి, "మాతా, నీ పంట నానే తినేసాను," అని భార్యకి దండం పెట్టాడు. ఆమె నాకేసి తిరిగి, "ఇప్పట్నించీ సీకటుంటే ఎప్పటికి పూత్తాయండి?" అంది.

"మాఘమాసానికి."

మాఘమంటే పెళ్ళిళ్ళు. పూలకి అంతకన్నా మంచి రోజులేవి! ఆ ఆశతోనే మామగారి దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నాకు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, శాంతంగా చెప్పాడు: "అమ్మా, కిందటేడు ఉక్కకి పోయాయన్నారు. ఈ యేడు లైటుకి పోయాయంతన్నారు. ఒచ్చే యేడు ఇంకోటేదో అంతారు. లేఅవుట్ ఓళ్ళకి నాను మాటిచ్చేసాను." ఆయన్ని తప్పుపట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రాత్రి బస్సులో ముసుగేసుకుని ఏడ్చాను.

పుష్యంలో ఎవరూ మంచిపని మొదలుపెట్టరు కదా, అది వెళ్ళేదాకా ఆగుతారేమో అనుకున్నాను. పాలీహౌస్ విప్పడానికి ముహూర్తం దేనికి? నా పరిశోధన మొక్కలు తెచ్చుకోమని కబురొస్తే వెళ్ళాను. ప్లాస్టిక్ అప్పటికే మడతపెట్టేశారు. మాల తీసేసిన ఆ అబ్బాయి నిచ్చెనెక్కి పైపుల బోల్టులు విప్పుతున్నాడు. గట్టు మీద జేసీబీ ఆగి ఉంది. కింద చామంతులు ప్రతి కొమ్మకీ మొగ్గతో ఉన్నాయి.

ఆ పిల్ల మడి మధ్య గొంతుక్కూచుని పక్క మొగ్గలు తుంపుతోంది. నడిమి మొగ్గ ఒక్కటే ఉంచితే పువ్వు పెద్దదవుతుందని మేం చేసే పని.

"ఇంకా ఎందుకే తల్లీ?" అన్నాను.

"ఇయ్యేలే కదండీ తుంపాల్సింది. రేపటికి ముదిరిపోతాయి," అని పక్క మొక్కకి జరిగింది.