నా హీరోయిన్లకు ఆ బట్టలు కుట్టిందెవరు?

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నాకు ముగ్గురు సూపర్ హీరోయిన్లు దొరికారు. ముగ్గురూ పటాన్‌చెరు బస్టాండు వెనక పాత పేపర్ల దుకాణంలోనే దొరికారు. కంపెనీ ఆఫీసర్ల క్వార్టర్ల నుంచి వచ్చే పాత కాగితాల మూటల్లో ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కూడా ఉండేవి. దుకాణం చాచా వాటిని తక్కెడలో వేసేముందు నా వైపు తోసేవాడు. "చూస్కో బేటా, చింపకు. చింపినవంటే రేపటికెల్లి రానియ్య," అనేవాడు. నేను ఊపిరి బిగబట్టి పేజీలు తిప్పేదాన్ని.

నాకు అప్పటికి ఇంగ్లీషు రాదు. అందుకని వాళ్ల పేర్లు తెలియవు, రంగులను బట్టి పిలుచుకునేదాన్ని. పసుపు కేపు ఆమె ఆకాశంలో ఎగిరేది. మెడ దగ్గర కట్టుకుంటే వీపు వెనక రెపరెపలాడే ఆ గుడ్డను కేపు అంటారని చాచానే చెప్పాడు. వెండి రంగు ఆమె దగ్గర అద్దం లాంటి డాలు ఉండేది. శత్రువు విసిరిన మంట దానికి తగిలి శత్రువు మీదికే పోయేది. మూడో ఆమె నల్ల ముసుగు ఆమె. పగలంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని వైర్లు కలిపేది, డ్యూటీ దిగాక గోడలెక్కి దొంగలను పట్టేది. ముగ్గురిలో ఈమె అంటే నాకు ఎక్కువ గౌరవం. మా గల్లీలో ఉద్యోగానికి వెళ్లే ఆడమనిషి అంటే అప్పటికి ఆస్పత్రి నర్సమ్మ ఒక్కతే.

ఇప్పుడు నాకు నలభై ఆరేళ్లు. అయినా ఆ పసుపు రంగు కళ్ల ముందే ఉంటుంది. పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ పసుపంతా చిన్న చిన్న చుక్కలుగా విడిపోయేది, చేతులు చాచి దూరం పెడితే మళ్లీ గుడ్డ అయ్యేది. ఆ ఆట ఎన్నిసార్లు ఆడానో. వాళ్లను తలచుకుంటే మొదట సంతోషమే వస్తుంది. దాని వెనకే కోపం వస్తుంది. వాళ్ల మీద కాదు, వాళ్లకు ఆ బట్టలు తొడిగినవాళ్ల మీద.

నిజానికి ఆ కోపం ముందు అమ్మది. అమ్మ బట్టలు కుట్టేది. వెలుతురు కోసం మిషన్‌ను గుమ్మం దగ్గరికి లాక్కుని, గల్లీ ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల లంగాలు కుట్టేది. ఒకరోజు చాచా నాకొక పుస్తకం ఇంటికే ఇచ్చి పంపాడు. అమ్మ కాలు మిషన్ మీదినుంచి తీసి, ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఎవరో కొత్త మోడల్ తెచ్చిస్తే చూసినట్టు ఒక్కో బొమ్మనూ పట్టి పట్టి చూసింది.

"గీయనెవరు?" అని అడిగింది. అదే పుస్తకంలో ఉన్న మగ హీరో.

"ఈయన కూడ ఎగురుతడమ్మా."

"ఈయనకేమో మెడ కాడికెల్లి మడమల దాంక బట్ట. గీమె కాడికి వచ్చేసరికి బట్ట తాను అయిపోయిందా? తొడల మీదికే ఆపిన్రు?"

"ఆమె ఫైటింగ్ చేస్తదమ్మా. గట్లనే ఉంటది."

"ఫైటింగ్ చేస్తే మోకాళ్లు గీరుకపోవా? నువ్వు సైకిల్ మీదికెల్లి పడ్డప్పుడు సూడలేదా నేను?" నల్ల ముసుగు ఆమె బొమ్మ వచ్చేసరికి అమ్మ వేలు ఆగిపోయింది. "గీ ఎత్తు మడమల చెప్పులతోని గోడ ఎట్ల ఎక్కుతదే గీమె? నౌకరికి పోతదంటున్నవ్, ఇంటి తాళంచెవి యాడ పెట్టుకుంటది? ఒక్క జేబన్న లేదు. కుట్టినోనికి సిగ్గుండాలె."

నాకు ఏడుపొచ్చింది. నా హీరోయిన్లను అమ్మ తిడుతోందనుకున్నాను. పుస్తకం లాక్కుని ఇంటి వెనక్కి పోయి కూర్చున్నాను. అమ్మ వాళ్లను ఒక్క మాట కూడా అనలేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ప్రపంచాన్ని కాపాడే మనిషికి మోకాళ్లు కప్పే గుడ్డ కూడా ఇవ్వని దర్జీని తిట్టింది ఆమె. ఆ దర్జీ ఎక్కడో దూరదేశంలో బొమ్మలు గీసుకుంటూ కూర్చున్న మగవాడని ఆమెకు తెలియదు. తెలిసినా అదే తిట్టు తిట్టేది.

ఆరో తరగతిలో మా బడి వార్షికోత్సవానికి వేషాల పోటీ పెట్టారు. నేను పసుపు కేపు ఆమెనవుతానని పట్టుబట్టాను. అమ్మ జాకెట్లకు వాడే లైనింగు గుడ్డలో పసుపు రంగుది తీసి కేపు కుట్టింది. నీలం రంగు గుడ్డతో మోకాళ్ల దాకా కుర్తా, చీలమండల దాకా ప్యాంటు కుట్టింది. ప్యాంటు చూసి నేను గోల పెట్టాను.

"ఆమెకు ప్యాంటు లేదమ్మా! అందరు నవ్వుతరు!"

"ఆమెకు అమ్మ లేదేమో. నీకున్న. తొడుక్కో."

తొడుక్కున్నాను. గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరిగెత్తాను. కేపు వెనక లేచింది. లేచిందని నాకు వీపు మీద తెలిసింది, తల తిప్పి చూడనక్కర్లేకపోయింది. చిన్నతనంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి గుర్తులేదు. నీళ్ల కోసం పంపు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు కూడా "అగో, పోయె పోయె!" అని అరిచారు. ఒక్కరూ నవ్వలేదు.

పోటీ రోజు స్టేజీ వెనక మమ్మల్ని వరసలో నిలబెట్టారు. డ్రిల్ సారు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"గిదేం వేషం?"

"సూపర్ హీరోయిన్ సార్. ఎగురుతది."

"ఎగురుడు, దుంకుడు మగపిల్లగాళ్ల వేషం. ఆడపిల్లలు రాణులు, దేవతలు ఎయ్యాలె. చెప్పలే మీకు?"

నేను జవాబిచ్చేలోపే నా మెడ దగ్గరి ముడి విప్పాడు. నా వెనక నిలబడ్డ అబ్బాయి కూడా ఎగిరేవాడి వేషమే వేశాడు, కానీ వాడికి కేపు లేదు. సారు నా కేపు తీసి వాడి మెడకు కట్టాడు. నా చేతికి హారతి పళ్లెం ఇచ్చి, వచ్చిన పెద్దలకు బొట్టు పెట్టడానికి మెట్ల పక్కన నిలబెట్టాడు. నీలం కుర్తా, నీలం ప్యాంటు వేసుకుని, ఎవరినో చెప్పుకోలేని వేషంలో నేను ఆ మెట్ల దగ్గర నిలబడి చూస్తూ ఉండగానే ఆ అబ్బాయికి మొదటి బహుమతి వచ్చింది. అతిథి మైకులో "కేపు చాలా బాగుంది" అన్నాడు కూడా.

అమ్మ ముందు వరసల్లోనే కూర్చుంది. పోటీ అయిపోగానే స్టేజీ వెనక్కి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

"సార్, గా గుడ్డ నా బిడ్డ మెడకు కొలిచి కుట్టిన."

సారు నవ్వాడు. "పిలగాడు జోర్దార్ ఉన్నడమ్మా, సెట్టయింది. ఏమైతది? పిల్లల ఆటనే గద."

అమ్మ ఆ అబ్బాయి ముందు వంగి, వాడి మెడ దగ్గరి ముడి తనే విప్పుకుంది. వాడిని ఏమీ అనలేదు, పైగా కాలరు సర్ది పంపింది. దారంతా నా చెయ్యి పట్టుకుని వేగంగా నడిచింది. పిల్లల ఆటే కదా అన్న ఆ మాట నన్ను ఇప్పటికీ మండిస్తుంది. ఆటే అయితే మరి నన్ను ఎందుకు ఆడనివ్వలేదు?

డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. పెళ్లయ్యాక పిల్ల బడికి వెళ్లే వయసొచ్చేదాకా ఆగి, గడ్డపోతారంలో మందుల పౌడరు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాను. ఆ పౌడరు ఒంటికి తగలకూడదు, ముక్కులోకి పోకూడదు. అందుకని తల నుంచి కాళ్ల దాకా ఒకే తెల్లటి సూటు, ముఖానికి అద్దం, చేతులకు గ్లోవ్స్, కాళ్లకు రబ్బరు బూట్లు ఇస్తారు. మొదటి రోజు ఆ సూటు చేతికిస్తే, నిజం చెప్తున్నాను, నా గుండె ఎగిరింది. ఒళ్లంతా కప్పే సూటు! ఇదీ వేషమంటే, అనుకున్నాను.

వేసుకున్నాక తెలిసింది అది మగవాడి కొలత అని. చేతులు వేళ్లు దాటి రెండంగుళాలు వేలాడాయి. నడుము దగ్గర ఉండాల్సిన గుడ్డ తొడల మీదికి జారింది. గ్లోవ్స్ చివర ఖాళీ వేళ్లు ఊగుతుంటే సీసా మూత తిప్పడం కష్టం. మా సెక్షన్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లం. ఎనిమిది మందిమీ పొద్దున్నే ఒకరి చేతులకు ఒకరం ప్లాస్టరు టేపు చుట్టి, ఆ తరువాతే లోపలికి వెళ్లేవాళ్లం. చిన్న సైజు తెప్పించమని సేఫ్టీ ఆఫీసరును అడిగాను. రాసిచ్చాను. మళ్లీ రాసిచ్చాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "అడ్జస్ట్ చేసుకోండి మేడం. చిన్న విషయమే కదా."

పోయిన చలికాలం ఆ చిన్న విషయం ఒక అమ్మాయిని మెట్ల మీద పడేసింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్ల, కాజీపల్లిలో కిరాయికి ఉంటుంది, మా అందరిలోకీ పొట్టిది. సూటు కాలి గుడ్డ బూటు కిందికి పోయి కాలికి అడ్డుపడింది. కుడి మణికట్టు విరిగింది. ప్రమాదం రిపోర్టులో కారణం అన్నచోట ఒకే మాట రాశారు: ఉద్యోగి నిర్లక్ష్యం. ఆ కాగితం మీద ఆ పిల్ల ఎడమ చేత్తో సంతకం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

మార్చి వచ్చింది. మహిళా దినోత్సవం అన్నారు. హెచ్ఆర్ మేడం మా దగ్గరికి ఒక ఫారం తెచ్చింది. "ఈసారి థీమ్ సూపర్ ఉమెన్. అందరికీ టీషర్ట్, పింక్ కేప్! టీషర్ట్ సైజు రాయండి. లేడీస్ ఫిట్ ఉంది, చిన్నది, మధ్యస్థం, పెద్దది ఏది కావాలంటే అది."

పెన్ను పట్టుకుని నేను ఆ ఫారాన్నే చూస్తూ నిలబడిపోయాను. మా కొలతలు అడగడం వీళ్లకు వచ్చు! ఒక పూట ఫోటోల కోసం వేసుకునే చొక్కాకు ఎనిమిది మంది ఒంటి కొలత కావాలి. రోజూ విషం మధ్య నిలబడే సూటుకు అక్కర్లేదు.

ఆ రోజు క్యాంటీన్‌లో బెలూన్లు కట్టారు. అందరూ టీషర్టులు వేసుకుని వచ్చారు, ఒక్కొక్కరికీ కొలతపెట్టి కుట్టినట్టు సరిపోయాయి. సీనియర్‌నని నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను ఆ పింక్ కేపు మడతపెట్టి కుర్చీలో పెట్టి, స్టోరు నుంచి కొత్త సూటు తీసి, టేపు చుట్టుకోకుండా అలాగే వేసుకుని వచ్చాను. చేతులు వేలాడుతున్నాయి. కాళ్ల గుడ్డ నేల ఊడుస్తోంది. నేను కామెడీ చేస్తున్నాననుకుని అందరూ చప్పట్లు కొట్టారు, ఈలలు కూడా వేశారు.

"నవ్వకుండ్రి," అన్నాను. మైకులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది వేషం కాదు. మేం రోజు ఏసుకునేది ఇదే. గా పిల్ల చెయ్యి ఇరిగింది నిర్లక్ష్యం వల్ల కాదు, గీ గుడ్డ వల్ల. టీషర్టుకు మా సైజు దొరికింది కద, దీనికి ఎందుకు దొరకలే? మమ్మల్ని సూపర్ ఉమెన్ అనకుండ్రి సార్. మా కొలత బట్టలియ్యుండ్రి, చాలు."

హెచ్ఆర్ మేడం ముఖం ఎర్రబడింది. ముందు వరసలో ఉన్న ప్లాంటు పెద్దసారు, ముంబయి ఆయన, సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగి హిందీలో అడిగాడు: "చిన్న సైజు మార్కెట్‌లో దొరకదా?" ఆఫీసరు మెల్లగా, "దొరుకుతుంది సార్," అన్నాడు. "మరి?" అన్నాడు పెద్దసారు. అన్నేళ్లు అడిగితే కదలనిది ఆ ఒక్క 'మరి'తో కదిలిందని తలచుకుంటే నాకు సంతోషం కన్నా ఒళ్లు మంటే ఎక్కువ.

నెల దాటాక సూట్లు వచ్చాయి. మా కొలతవే. బూట్లు కూడా సరిపోయాయి. గ్లోవ్స్ మాత్రం ఇంకా పాతవే, ఆర్డరు పెట్టామంటున్నారు. ఒడిశా పిల్ల కట్టు విప్పించుకుని డ్యూటీలో చేరిన రోజు కొత్త సూటు వేసుకుని మెట్లు గబగబా ఎక్కి, పైనుంచి నన్ను పిలిచింది: "దీదీ, దేఖో! గుడ్డ పట్టుకోలే, ఎక్కేసిన!"

ఆ వారమే రిపోర్టులో మాట మార్చమని అడిగాను. ఆఫీసరు నిర్లక్ష్యం అన్నది కొట్టేసి 'జారి పడుట' అని రాశాడు. ఎందుకు జారిందో రాయమంటే, అంత వివరం అక్కర్లేదన్నాడు.

"చాలు దీదీ, వదిలెయ్," అంది ఆ పిల్ల. ఆమెకు ఉద్యోగం భయం, నాకు తెలుసు. నాకు మాత్రం చాలలేదు. సూటు కొలత సరిపోక పడిందని ఉన్నదున్నట్టు రాయాలని సోమవారం ఇంకో కాగితం రాశాను. ఎనిమిది మందిలో అయిదుగురం సంతకం పెట్టాం. అయిదో సంతకం ఆ పిల్లది, చివరికి తనే వచ్చి పెట్టింది, ఈసారి కుడి చేత్తో. మిగతా ముగ్గురు భయపడి పెట్టలేదు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.