కిటికీ మీద నల్ల కాగితం

భిలాయిలోని ఖుర్సీపార్‌లో ఎవరి మోటారు కాలినా అప్పలసూరి దగ్గరికే మోసుకుపోవాలి. చీపురుపల్లి నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. రాగితీగ చుట్టడంలో అతని చేతిని మించిన చెయ్యి లేదని దుర్గ్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. అంత పేరున్న మనిషి ఉన్న పని చేసుకుంటూ ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ముప్పై ఎనిమిదో ఏట మళ్లీ చదువు మొదలుపెట్టాడు.

దానికి కారకుడు శ్యామసుందర్ అనే ఇంజనీరు. స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులో వాళ్లింటికి ఫ్యాను బాగుచేయడానికి వెళితే, బల్ల మీద ఒక పచ్చటి పలక కనిపించింది. దాని నిండా నల్లటి చిప్పులు, ఓ మూల మీటలు, పైన ఆరు ఎర్రటి అంకెలు. మైక్రోప్రాసెసర్ కిట్టు అన్నాడాయన. ఏం చెప్తే అది చేస్తుందన్నాడు. అప్పలసూరి నిచ్చెన మీద నుంచి దిగి, ఫ్యాను సంగతే మరిచిపోయాడు.

"తెలుగు మీడియంలో పదో తరగతి తప్పినోడికి ఇది వస్తాదేటండీ?"

"దీనికి ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. వచ్చినవి పదహారు గుర్తులే. సున్నా నుంచి తొమ్మిది, ఆపైన A నుంచి F దాకా. చుట్ల లెక్క తప్పకుండా రోజంతా తీగ చుట్టే ఓపిక మీకుంది. అది చాలు."

అది ఎనభై నాలుగో సంవత్సరం. కంప్యూటరన్న మాట పేపర్లో చదవడమే కానీ చూసినవాడు లేడు. ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని సెక్టారుకి పోయేవాడు. ఆరు నెలలకి శ్యామసుందర్ పాత కిట్టు ఇతనికే ఇచ్చేశాడు. పిల్లల నోటుబుక్కులో ఎడమవైపు తెలుగులో చెయ్యాల్సిన పని రాసుకునేవాడు. కుడివైపు దానికి సరిపడే గుర్తులు రాసి, ఒక్కొక్కటే మీటలు నొక్కి ఎక్కించేవాడు. ఒక్క గుర్తు తప్పితే మొత్తం తప్పు. పైగా కరెంటు పోతే అన్నీ పోయేవి, మళ్లీ మొదటికొచ్చేది. కరెంటు వాళ్లని అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అప్పుడు శ్యామసుందర్ వేరే రకం చిప్పు చూపించాడు. దాని వీపు మీద చిన్న గాజు కిటికీ.

"ఇందులో ఎక్కిస్తే కరెంటు పోయినా పోదు. కానీ ఈ కిటికీలోంచి వెలుగు పడితే పోతుంది. వారం రోజులు ఎండలో పెడితే మొత్తం చెరిగిపోతుంది, మళ్లీ రాసుకోవచ్చు. వెల్డింగ్ వెలుగూ అంతే. అందుకని రాసిన వెంటనే కిటికీ మీద నల్ల కాగితం అంటించి తీరాలి. సగం చెరిగిన చిప్పు మరీ ప్రమాదం అప్పలసూరిగారూ. చల్లగా ఉన్నప్పుడు అన్నీ గుర్తుంటాయి, వేడెక్కితే మరిచిపోతుంది."

అప్పలసూరి ఆ మాటలు కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. తప్పు రాసిన చిప్పులు చెరపడానికి డాబా మీద, భార్య గౌరీదేవి వడియాలు పెట్టిన చీర పక్కనే ఆరబెట్టేవాడు.

"మావా, నీ జెర్రులు నా వడియాల్లోకి పాకుతున్నాయి," అని ఆమె ఎగతాళి చేసేది. కాళ్లున్న చిప్పులు నిజంగా జెర్రుల్లాగే ఉండేవి.

గౌరీదేవి తమ్ముడు సూర్యారావు, ఇండస్ట్రియల్ ఏరియాలో పరంధామయ్య షెడ్డులో ప్రెస్సు మీద పనిచేసేవాడు. అచ్చులో రేకు ముక్క పెట్టాలి, కాలితో తొక్కాలి, పైనుంచి దిమ్మ పడి ముక్క తెగుతుంది, దాన్ని తియ్యాలి. రోజుకి కొన్ని వేలసార్లు. అతనికి ముందున్నవాడు రెండు వేళ్లు పోగొట్టుకుని ఊరెళ్లిపోయాడు. అందుకే సూర్యారావు పొడుగాటి పట్టకారుతో రేకు పెట్టేవాడు, తీసేవాడు. కొత్తగా పెళ్లయింది, భయం ఉంది.

"నీ పలక ఏటి సెప్తే అది సేస్తాదంటావు కదా మావా. నా తమ్ముడి సేతులు కాయమని సెప్పు," అంది గౌరి ఒకరోజు.

ఆమె వేళాకోళానికే అంది. అతను దాన్ని మనసుకి పట్టించుకున్నాడు. మూడు నెలలు కష్టపడి ఒక పెట్టె చేశాడు. అచ్చుకి ఒక పక్క దీపం, రెండో పక్క వెలుగుని కనిపెట్టే కన్ను. మధ్యలో చెయ్యి అడ్డొస్తే పెట్టెలోని చిప్పు దిమ్మని పడనివ్వదు. భిలాయి ఎండలకి లోపల ఉడికిపోతుందని పెట్టె ముందు రేకు బదులు ఇనుప జాలీ బిగించాడు. చీపురుకర్ర అడ్డం పెట్టి తొక్కితే దిమ్మ కదల్లేదు. పరంధామయ్య అందరికీ మిఠాయి పంచాడు.

నెల తిరక్కుండా సూర్యారావు పట్టకారు పక్కన పారేశాడు. ఉత్త చేత్తో పెట్టడం, తియ్యడం. పని రెండింతలైంది. "బావ కన్ను కాస్తాది," అనేవాడు నవ్వుతూ. అప్పలసూరి అది కళ్లారా చూశాడు. కోప్పడాల్సింది. గర్వపడ్డాడు.

ఎనభై ఐదు సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు భిలాయిలో బొట్టు లేని యంత్రం ఉండదు. షెడ్డులో యంత్రాలన్నీ కిరసనాయిలుతో తుడిచారు. గౌరి కుంకుమ గిన్నె పట్టుకుని తమ్ముడి ప్రెస్సు దగ్గరికి వచ్చింది, జాలీ తీయించింది. చిప్పు మీది నల్ల కాగితం నూనె జిడ్డు పట్టి, అంచులు లేచి ఉంది.

"ఈ మురికి కాగితమేటి మావా, దేవుడి ఎదట?" అంటూ గోటితో ఒలిచేసింది.

అప్పలసూరి చేతిలో కొబ్బరికాయ ఉంది. "ఉండవే" అనబోయాడు. ఆమె అప్పటికే ఆ మెరిసే గాజు మీద ఎర్రగా బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. అతనికి ముచ్చటేసింది. రేపు కొత్త కాగితం అంటిద్దాంలే అనుకున్నాడు. మర్నాడు మూడు పెద్ద మోటార్లు దుకాణానికి వచ్చాయి. ఆ రేపు రానే లేదు.

ప్రెస్సు పడ్డప్పుడల్లా పెట్టె అదిరేది. అదిరినప్పుడల్లా కాస్త కుంకుమ రాలేది. దీపావళికల్లా గాజు నున్నగా తేలింది. నాలుగడుగుల దూరంలో వెల్డింగు చేసేవాళ్లు. ఆ నీలి వెలుగు జాలీలోంచి కిటికీ మీద రోజంతా పడేది. చలికాలం అంతా పడింది, హోలీ దాటి ఎండలు ముదిరేదాకా పడింది. ప్రెస్సు మాత్రం బుద్ధిగా పనిచేస్తూనే ఉంది.

మే నెలలో ఒక పొద్దున పనికి పోతూ సూర్యారావు దుకాణం ముందు సైకిలాపాడు.

"బావా, నీ కన్ను నిన్న కునుకు తీసింది. బోయినాలయ్యాక అచ్చులో గుడ్డ పడితే, దాని మీదే దిమ్మ పడిపోనాది. మళ్లీ సూస్తే బాగానే ఆగింది," అని నవ్వాడు.

అప్పలసూరి నవ్వలేదు. అతని వెంటే షెడ్డుకి వెళ్లి జాలీ తీశాడు. కిటికీ బోసిగా ఉంది. గాజు మూలన ఒకే ఒక్క ఎర్రటి నలుసు. వెంటనే నల్ల టేపు ముక్క కోసి అంటించాడు. చీపురుకర్ర పెట్టి ఇరవైసార్లు తొక్కించాడు. ఇరవైసార్లూ దిమ్మ ఆగింది. అప్పటికి పొద్దున్న ఎనిమిది.

"ఆగిందా లేదా సూరీ?" అన్నాడు పరంధామయ్య. మధ్యాహ్నానికి లారీ వస్తుంది, సరుకు తెమలాలి.

"ఆగింది."

"మరింకేటి?"

అప్పలసూరి జాలీ మళ్లీ బిగించాడు. "ఆదివారం కొత్త చిప్పు రాసి మారుస్తాను. అందాకా పట్టకారు పట్టు," అన్నాడు బావమరిదితో.

"పట్టకారా? అదెక్కడుందో ఏటో బావా!" అని సూర్యారావు పకపకా నవ్వాడు. అప్పలసూరి ఇంటికి వచ్చేశాడు. అక్కడే కూర్చుని ప్రెస్సు ఆపించాల్సిన మనిషి, వచ్చేశాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. పైన రేకులు కాలి సెగలు కక్కుతున్నాయి. మజ్జిగ గ్లాసు కూడా వేడెక్కింది. దాన్ని పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. వేడెక్కితే మరిచిపోతుంది. నిన్న భోజనాలయ్యాక పడింది దిమ్మ. తను చూసింది పొద్దున్న చల్లటి వేళ. కాగితం ఇకమీదటి వెలుగుని ఆపుతుంది కానీ పోయిన అక్షరాన్ని తెచ్చిపెట్టదు.

చెయ్యి కడగకుండానే సైకిలెక్కాడు. వడగాలి మొహాన కొడుతోంది. షెడ్డు గేటు దాకా వచ్చేసరికి ప్రెస్సు చప్పుడు వినిపించింది, ఒకటే వరసన. హమ్మయ్య అనుకున్నాడు. మరో రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది పడ్డాక చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత వినిపించిన కేక అతను చచ్చేదాకా మరిచిపోలేదు.

సూర్యారావు కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం అప్పలసూరి ఆ చిప్పుని కిట్టులో పెట్టి, నోటుబుక్కు తెరిచి, ఒక్కో గుర్తూ చదివాడు. ఒక్కచోట తేడా వచ్చింది. పుస్తకంలో E6 అని ఉంది, కన్ను ఏం చూసిందో పరీక్షించు అని దాని అర్థం. ఎర్రటి అంకెల్లో మాత్రం F6 అని వెలుగుతోంది. E కింద గీత లేదు, అంతే. ఆ చోట F6 ఉంటే, కన్ను ఏం చూసినా సరే, అచ్చు ఖాళీగా ఉందనే లెక్క.

వోల్టేజీ వల్ల అన్నాడు పరంధామయ్య. ఊరంతా అదే అంది. "కాదు, నా చిప్పుదే తప్పు. నేనే సరిగ్గా రాయలేదు," అని అప్పలసూరి అందరికీ చెప్పాడు. కాగితం మాట ఎవరికీ చెప్పలేదు. సూర్యారావుని తన దుకాణంలోనే కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో తీగ చుట్టడం నేర్పాడు. కిట్టు అటక మీదికి పోయింది.

సెప్టెంబరు మళ్లీ వచ్చింది. పూజనాడు గౌరి కుంకుమ గిన్నె పట్టుకుని దుకాణం గుమ్మంలోకి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. లోపల తమ్ముడు తలొంచుకుని, చుట్లు లెక్కపెట్టుకుంటూ, తీగని మోచేత్తో అదిమి లాగుతున్నాడు.

"మావా," అంది మెల్లిగా. "నిరుడు పూజనాడు పెట్టెలో కాగితమొకటి ఒలిచేసినాను. అది పనికొచ్చేదేటి?"

అప్పలసూరి తలెత్తలేదు. "కాదు. మురికి కాగితమే."

గౌరి గిన్నె మీద మూత పెట్టి, ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ ఏడు ఖుర్సీపార్‌లో బొట్టు పెట్టని దుకాణం అదొక్కటే.