పెళ్లి చేసుకోలేదన్న కాయితం

మహబూబాబాద్‌లోని మా ఇంట్లో నాలుగు రోజులుగా సీతాఫలాల వాసన. అమ్మ వాటిని బియ్యం డబ్బాలో పెట్టి మాగబెడుతోంది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి తలుపు తీయగానే ఆ తియ్యటి వాసన ముక్కుకు తగులుతుంది. లోకంలో అందరికీ నోరూరించే ఆ వాసనకు నేను మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. ముప్పై ఏళ్లుగా మా గడప లోపలికి సీతాఫలం రాలేదు. ఈ యేడు అమ్మే తెచ్చింది. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు.

నా చిన్నతనం బచ్చన్నపేట దిక్కున మా అమ్మమ్మ ఊళ్ళో గడిచింది. నాయిన భూపాలపల్లి అడవుల పక్కన ఒక ఠాణాలో కానిస్టేబుల్. ఒకనాడు కలప దొంగల లారీకి అడ్డం నిలబడితే వాళ్ళు లారీని ఆయన మీదుగానే పోనిచ్చారు. అప్పుడు నాకు ఆరేళ్ళు. కట్టె కాలుతుండగానే పెద్దమనుషులు మైకు పట్టుకుని జాగ ఇస్తామన్నారు, ఇల్లు కట్టిస్తామన్నారు, పిల్లను కలెక్టరును చేస్తామన్నారు. చివరికి మాకు దక్కింది నెలనెలా వచ్చే పింఛను. దాన్ని చిన్నచూపు చూడను, దాంతోనే తిన్నాం, దాంతోనే చదువుకున్నాను. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆ పింఛను నిలవాలంటే అమ్మ ఏటేటా ఒక కాయితం తేవాలి. తాను బతికే ఉన్నానని, మళ్ళీ పెళ్లి చేసుకోలేదని, దాని మీద ఒక గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి.

మాకు దగ్గరలో అంత విలువైన సంతకం ఉన్నవాడు పశువుల డాక్టరు ఒక్కడే. చలి మొదలై, చేలల్లో పత్తి తెల్లగా పగిలి, కంది పూత మీద మంచు ఇంకా ఆరకముందే అమ్మ నన్ను వెంటబెట్టుకుని పశువుల దవాఖానకు నడిచేది. ఫినాయిలు, పేడ, నానిన గడ్డి, జ్వరమొచ్చిన బర్రెల వేడి ఊపిరి, అన్నీ కలిసిన ఒక వాసన అక్కడ. మా ముందు ఎద్దును పట్టుకున్న రైతు, మా వెనక మేకపిల్లను చంకనెత్తుకున్న ముసలమ్మ, నడుమ మా అమ్మ. డాక్టరు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, ఆ తడి చేత్తోనే కాయితం అందుకునేవాడు.

"ఏమ్మా, ఈ యేడు గూడ చేసుకోలేదా?"

"లేదు సారూ."

కాంపౌండరు నవ్వేవాడు. ఎద్దును పట్టుకున్నాయన కూడా నవ్వేవాడు. అమ్మకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆమె తలవంచుకుని, ముద్ర పడిన కాయితాన్ని రైక లోపల దాచుకుని బయటికొచ్చేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. మాకు, పిల్లలకు, అదొక ఆట కూడా అయ్యింది. బెండకాయ తొడిమ కోసి, ఎర్రమట్టిలో ముంచి, ఒకరు డాక్టరై కూర్చుంటే మిగిలినవాళ్ళం వరసలో నిలబడి "చేసుకోలే సారూ" అని వంగి మొక్కి, అరచేతుల మీద ముద్రలు కొట్టించుకునేవాళ్ళం. అమ్మ ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఆ చలికి కొంచెం ముందు, బతుకమ్మ పోయిన కొద్ది రోజులకు, చనిపోయిన పోలీసులను తలుచుకునే దినం వచ్చేది. గుడ్డ కప్పిన కుర్చీల్లో ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, బూర ఊది, పేర్లు చదివి, ఒక్కొక్కరికీ ఒక చీర, రెండు లడ్డూలు ఇచ్చి ఫొటో తీసుకునేవాళ్ళు. చీర ఎప్పుడూ బూడిద రంగే. మొగుడు పోయినదానికి రంగెందుకని ఎవరో ముందే అనుకుని కొన్నట్టుండేది.

రంగు తెచ్చే మనిషి మాకు ఒకే ఒకడు, కొమురయ్య కాక. నాయిన ఠాణాలో జీపు నడిపిన హోంగార్డు, ఆ రోజు నాయిన పక్కనే ఉండి బతికినవాడు, తర్వాత మా దిక్కు ఠాణాకు మారినవాడు, పెళ్లి కానివాడు. బతుకమ్మకు నా కోసం సైకిలు మీద తంగేడు, గునుగు పూలు మోపు కట్టి తెచ్చేవాడు. గుట్ట మీది సీతాఫలాలు తువ్వాలలో మూటగట్టి తెచ్చి, కన్ను విచ్చినవి నాకిచ్చి, పచ్చివి అమ్మమ్మ గడ్డివాములో దాచేవాడు. అమ్మ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పెడితే అరుగు మీద కూర్చుని తినేవాడు, ఇంట్లోకి ఎప్పుడూ వచ్చేవాడు కాదు. ఒక శివరాత్రికి అమ్మమ్మతో సహా అందరినీ కురవి జాతరకు తీసుకుపోయి, వీరభద్రస్వామిని చూపించడానికి జనంలో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. గాజుల దుకాణం ముందు ఆయనేదో అంటే అమ్మ నవ్వింది. నాయిన పోయాక అమ్మ పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసింది ఆనాడే. నాకు తొమ్మిదేళ్ళు. ఈ మనిషి మా ఇంట్లోనే ఉండిపోతే బాగుండునని అనుకున్నాను.

ఆ నవ్వు మా ఒక్కళ్ళ కంటనే పడలేదు. సీతాఫలాల కాలం వచ్చేసరికి పైఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం పోయింది. అమ్మ పత్తి ఏరడానికి పోయిన పూట, తెల్లచొక్కా ఆఫీసరొకడు విచారణకొచ్చి, అమ్మమ్మను మంచినీళ్ళకు లోపలికి పంపి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"కొమురయ్య మీ ఇంటికి వస్తడా బిడ్డా?"

"వస్తడు. సీతాఫలాలు తెస్తడు."

"రాత్రి ఉంటడా?"

"వానొచ్చిన్నాడు ఉన్నడు. అరుగు మీద పన్నడు."

"నాయినా అని పిలుస్తవా?"

కొంచెం ఆలోచించి, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట చెప్పాను. "పిలువబుద్ధయితది."

ఆయన రాసుకున్నాడు. అరుగు మీద అన్న మాట రాయలేదు, బుద్ధయితది అన్న మాటా రాయలేదు. రాత్రుళ్ళు ఉంటాడు, నాయినా అని పిలుస్తుంది, అంతే. బంగారు మూత ఉన్న తన పెన్ను నా చేతికిచ్చి కింద పేరు రాయమన్నాడు. అంత మంచి పెన్ను నేనెప్పుడూ పట్టలేదు. నాలుక బయటపెట్టి, గుండ్రంగా, ఒక్కో అక్షరం దిద్ది రాశాను. భేష్ అన్నాడు. ఆ భేష్ ఇప్పటికీ నా ఒంటి మీద జెర్రిలా పాకుతుంది.

ఎండలు ముదిరేదాకా పింఛను ఆగింది. అమ్మ పొద్దంతా కూలికి పోయి, కూలి లేని రోజు జనగామ బస్సెక్కి ఆఫీసుల గుమ్మాల ముందు నిలబడేది. ఆఖరికి ఒక గదిలో పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఇకమీదట ఆ గడప తొక్కనని కొమురయ్య కాకతో రాయించుకున్నారు. సంతకం పెట్టి మా వైపు చూడకుండా పోయాడు. పింఛను మళ్ళీ మొదలైంది. నాయిన ప్రాణానికి ఇచ్చిన డబ్బు అది. దానికి అమ్మ బతుకును కాపలా పెట్టమని ఎవరు చెప్పారు వీళ్ళకు? ఛీ అనాలనిపిస్తుంది. ఆ ఛీలో కొంత నాకూ తగులుతుంది, చెప్పింది నేనే కాబట్టి. ఆ సంగతి అమ్మకు తెలియదనే నమ్మకంతోనే ఇంతకాలం ఆమె ముఖం చూడగలిగాను.

ఇప్పుడు ఆ గుట్ట లేదు, కంకర మిల్లు తినేసింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. పశువుల దవాఖాన పాత కొట్టం కూలింది. కొమురయ్య కాక చెల్పూరు దిక్కు లారీలు నడుపుకుంటూ బతికి, మొన్నటి వానాకాలంలో పోయాడని కబురొచ్చింది. ఆయనా పెళ్లి చేసుకోలేదట. ఆయన్ను మాత్రం ఏ ఆఫీసూ కాయితం అడగలేదు.

కాయితం ఒక్కటి ఉంది, అదిప్పుడు ఫోనులోకి వచ్చింది. మొన్న ఆదివారం అమ్మ ముందు కూర్చుని వివరాలు నింపుతున్నాను. ఆమె మాగిన పండు విప్పి గింజలు తీస్తోంది. 'పునర్వివాహం చేసుకోలేదు' అన్న చోటికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది.

"అమ్మా, ఆనాడు ఆఫీసరుకు చెప్పింది నేనే."

అమ్మ తలెత్తలేదు. "తెల్సు బిడ్డా. జనగామ ఆఫీసుల గా కాయితం నా ముంగట పెట్టిండ్రు. నాకు సదువు రాకపాయె. కింద నీ పేరు గుర్తువట్టిన, పలక మీద రోజు చూపెడుదువు గదా. ఎంత ముద్దుగ రాసినవో."

"మరి అంతా అబద్ధమని ఎందుకు చెప్పలే?"

"నాయినా అని పిలుస్తదని సదివిండ్రు." గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. "గది అబద్ధమననీకి నాకు నోరు రాలే."

 అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని దగ్గరికి జరిగింది.

"రాయ్ బిడ్డా, చేసుకోలేదని. నిజమే గద."

నేను నొక్కాను. ముఖం చూపించి కళ్ళు ఆర్పమంది ఫోను. అమ్మ దానివైపు చూసి, వాళ్ళు అడిగినట్టే, కళ్ళు ఆర్పింది.