పలకని ‘ఇ’

మా పక్కింటి ఫ్రెంచ్ టీచరమ్మ సోమవారం ఉదయం ఖమ్మం దవాఖానాలో చనిపోయారు. కిడ్నీలు పాడయ్యాయి. ఒకప్పుడు ఆమె దగ్గర చదివి, ఇప్పుడు ఖానాపురం హవేలిలో ఆటో నడుపుతున్న కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, మన వెన్యు మేడం పోయింది.”

ఆమెది యానాం. భర్త ఉద్యోగం వల్ల ఖమ్మం వచ్చి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫ్రెంచ్ చెప్పేవారు. పిల్లలు మార్కుల కోసమే ఆ భాష తీసుకునేవారు. సాయంత్రం వరండాలో ట్యూషన్. పాస్ట్ పార్టిసిపుల్ పాఠం నాకు గోడ ఇవతలికి వినిపించేది. “వచ్చిన అబ్బాయి వెన్యు. వచ్చిన అమ్మాయీ వెన్యుయే. కానీ రాసేటప్పుడు అమ్మాయికి చివర ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం ఒకటి చేర్చాలి. అది పలకదు.”

“పలకనిదాన్ని రాసుడెందుకు మేడం? ఇంకు దండగ,” అన్నాడొక కుర్రాడు.

“నువ్వూ క్లాసులో నోరు విప్పవు. నీకు హాజరు వెయ్యడం మానేశానా?”

అడవి అవతలి రాష్ట్రంలో ఊళ్ళు తగలబడుతున్న రోజులవి. పారిపోయి వచ్చినవాళ్ళు భద్రాచలం దాటాక టార్పాలిన్ల కింద ఉన్నారు. వైద్యం చెయ్యడానికి ఒక ఫ్రెంచ్ డాక్టరు వచ్చాడు. మాట తర్జుమా చేసేవాళ్ళు లేరంటే నేనే టీచరమ్మను తీసుకెళ్ళాను. ఒక ముసలాయన మోచెయ్యి గొడ్డలి దెబ్బకు ఎముక దాకా తెగింది. ఒక పిల్ల అరచేతిలోంచి తూటా దూసుకుపోయింది. ఏటా మిరప కోతకు ఇటు వచ్చి తెలుగు నేర్చిన ఒక కోయ ఆమె, వీపు మీద కాలిన గాయాలకు కట్టు కట్టించుకుంటూ చెప్పింది.

“తెల్లారంగ వచ్చిండ్రు. ఇండ్లకు నిప్పు పెట్టిండ్రు. మావోళ్లను ఇద్దర్ని చెట్టుకు కట్టి కాల్చి చంపిండ్రు. పీనుగుల్ని గూడ ఇయ్యలే.”

టీచరమ్మ ఫ్రెంచిలో చెప్పారు. డాక్టరు రాసుకున్నాడు.

పక్కన నిలబడ్డ పోలీసు అధికారి అందుకున్నాడు. “ఆ ఇద్దరు తుపాకులు పట్టిన మొగోళ్లు మేడం. మేం గట్లనే రాసుకున్నం.”

టీచరమ్మ కాగితం చూశారు. ఫ్రెంచిలో చంపడం ‘త్యుయే’. చంపబడింది మగవాడైనా, ఆడమనిషైనా, పదిమందైనా చెవికి అదే త్యుయే. తేడా రాతలోనే. డాక్టరు మగవాళ్ళనుకుని ‘ఇ’ లేకుండా రాశాడు. మన ‘ఇద్దర్ని’లో కూడా ఆ తేడా తెలియదు. నేను విలేకరిని; ‘ఇద్దరు మృతి’ అని రాసే వృత్తి నాది. ఆ ఇద్దరూ ఎవరని ముందు అడగాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

“ఎవరమ్మా ఆ ఇద్దరూ?”

“మా అమ్మ. మా చెల్లె.”

టీచరమ్మ చెప్పగానే డాక్టరు ‘ఇ’ చేర్చాడు.

“ఒక్క అక్షరానికి గింత లొల్లి ఏంది మేడం? మీరు ఇంటికి పోవాలె గదా,” అన్నాడు అధికారి మెల్లగా.

టీచరమ్మ కాగితం తన వైపు జరుపుకున్నారు. “పోతానండీ. ఇది రాయించుకుని పోతాను.”

తర్వాత ఆ కోయ ఆమెకు కాగితం చూపించి చెప్పారు. “ఈ అక్షరం ఉంటే ఆడవాళ్ళని అర్థమమ్మా.”

ఆమె వంగి చూసింది. “ఇద్దరికి ఒక్కటేనా?”

వ్యాకరణం ప్రకారం ఒక్కటే. అయినా టీచరమ్మ ఆ వాక్యం కొట్టేయించి, పేర్లు అడిగి రెండు వాక్యాలు రాయించారు. తల్లి పేరుతో ఒకటి, చెల్లెలి పేరుతో ఒకటి. దేని ‘ఇ’ దానికే.

“అమ్మది ఏది?” అని అడిగి, ఆమె మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. గాలికి కాగితం లేస్తోంది. చెల్లెలి పేరున్న మూలను టీచరమ్మ అరచేత్తో అదిమి పట్టుకున్నారు. ఆమె వేలు తీసేదాకా అలాగే కూర్చున్నారు.