మా దగ్గర కరెంటు పోదు మేడం

కట్టయ్య ఒక్కచోట కూర్చునే మనిషి కాడు. నెక్కొండ దాపున ఓ చిన్న ఊరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. మబ్బు పట్టిందంటే చాలు, కాలుగాలిన పిల్లిలా గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి తిరుగుతూనే ఉంటాడు. కారణం లేకపోలేదు. గాలివానకు లైను తెగితే, ఎక్కడ తెగిందో సబ్‌స్టేషన్‌లో తెలియదు. లైన్‌మన్ తడి చేలల్లో పడి స్తంభం స్తంభం చూసుకుంటూ నడవాల్సిందే. ఆ లైన్‌మన్ ఎల్లస్వామి కట్టయ్యకు సొంత బామ్మర్ది. పోయిన వానాకాలం తెగిన తీగ ఒకటి అతని కాలికి జానెడు దూరంలో పడింది. అప్పటినుంచి అతను లైను చూడబోయిన ప్రతిసారీ, క్షేమమని ఫోను వచ్చేదాకా కట్టయ్య గుండె కుదురుగా ఉండదు.

అందుకే కొన్ని సబ్‌స్టేషన్లకు స్మార్ట్ పరికరాలు పెడతారని, లైను ఎక్కడ తెగిందో అవే చూపిస్తాయని విన్నప్పుడు పొంగిపోయాడు. ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వరంగల్ నుంచి కావ్య అనే ఇంజనీరు వస్తోందన్నారు.

ఇక చూడాలి ఆయన హడావిడి! పెళ్లిచూపులకు ఇల్లు సర్దినట్టు గడ్డి పీకించాడు, ప్యానెళ్లు తుడిచి బొట్లు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. కావ్య కూర్చోకముందే చాయ్ అందించాడు.

"కరెంటు బాగ పోతదా అన్నా?" అని అడిగిందామె.

"మా దగ్గరనా? పోనే పోదు మేడం! పోయినా మా ఎల్లస్వామి ఇట్ల పోయి అట్ల బాగుజేస్తడు. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి."

పై ఆఫీసుకు వెళ్లిన లెక్కలూ అదే చెబుతున్నాయంది కావ్య. చెప్పవా మరి? లైను ట్రిప్పై కాసేపు కరెంటు పోయిన చిన్నాచితకా లెక్కలు పైకి పంపితే పరువు పోతుందని కట్టయ్య ఏళ్లుగా వాటిని మింగేస్తూ వచ్చాడు.

"అయితే మీకు అవసరం లేనట్టే. ఎక్కడ ఎక్కువ పోతదో, పెట్టిన పైసతోని ఎక్కడ ఎక్కువ మేలైతదో అక్కడనే పెడతరన్నా."

కట్టయ్య గబగబా ఆమెకు అడ్డం వచ్చాడు.

"జర ఆగుండ్రి మేడం. అబద్ధం జెప్పిన. వానాకాలమంత పోతనే ఉంటది. మా బామ్మర్ది పానం అరచేతుల పెట్టుకొని తిరుగుతాండు."

"మీ మాట నమ్ముతానన్నా. కని లెక్కల్ల లేనిది నేనెట్ల పెట్టాలె? వచ్చే ఏడు మళ్ల చూస్తరు. అప్పటిదాక జరిగింది జరిగినట్టు పంపుండ్రి."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కట్టయ్య నోరు మరీ మంచిదై కొంప ముంచింది.

ఆ రోజునుంచి రెప్పపాటు కరెంటు పోయినా ఆ లెక్క పైకి పంపుతున్నాడు. మొన్న పై సారు ఫోను చేసి, ఉన్నట్టుండి ఇన్ని ట్రిప్పులేమిటని చెడామడా తిట్టాడు. "అవు సార్, మాది చానా ఖరాబున్నది సార్" అని కట్టయ్య వినయంగా ఒప్పుకున్నాడు. తిట్లు తింటూ సంతోషపడటం ఆయనకదే మొదలు.

ఫోను పెట్టేసరికి మబ్బు కమ్మింది. ఈదురుగాలి లేచింది. కాసేపటికే లైను ట్రిప్పయింది. కట్టయ్య ఆ కబురు పైకి పంపి, బామ్మర్దికి ఫోను కలిపాడు.

"బైలెల్లినవా?"

"పోతాన బావా. ఇది గూడ పంపినవా?"

"పంపిన. వచ్చే ఏడు మనకంటే చెడ్డ సబ్‌స్టేషన్ జిల్లాల ఉండొద్దు. అప్పటిదాక నువ్వు పైలంరా."

ఎల్లస్వామి నవ్వి ఫోను పెట్టేశాడు. వాన జోరందుకుంది. కట్టయ్య కుర్చీ దాకా వెళ్లాడు, కూర్చోలేక మళ్లీ వాకిట్లోకి వచ్చాడు.