సిద్దమ్మ జపాన్ నుంచి వచ్చేదాకా

మా అలియాబాద్ బడి టీచరు సిద్దమ్మ మొదటి గెలుపు ద్రాక్షతోట గేటు దగ్గర. 1994లో, ఉద్యోగం వచ్చిన తొలి ఏడాదే, పందిరి కింద గుత్తులు కోస్తున్న ఐదుగురు ఆడపిల్లలను బడికి మళ్లించింది. కోతకాలమంతా పొద్దున్నే వాళ్ల గడపలు తొక్కింది. తిట్లు తిన్నది. ఒక ఇంటివాళ్లు కుక్కను కూడా ఉసిగొలిపారు. అయినా మానలేదు.

ఆమె నా చెల్లెలి బిడ్డ. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినవాణ్ణి, ఆమె సంగతి రాస్తూ గొప్పలు పోయినా తప్పులేదనుకుంటాను. 1997లో మండలంలో ఉత్తమ ఉపాధ్యాయురాలు. మరుసటేడు ఏడో తరగతి పరీక్ష రాసిన ఆమె పిల్లలంతా పాస్. తోట నుంచి వచ్చిన ఆ ఐదుగురిలో ఒకామె ఇప్పుడు నర్సు చదువుతోంది. ఇక ఈ ఏడు, 2002లో, జపాన్ బడులు చూసి రావడానికి ఎంపికైన టీచర్లలో మా శామీర్‌పేట వైపు నుంచి ఈమె ఒక్కతే.

గుబులు పెట్టిన గెలుపు కూడా ఇదే. ప్రయాణం ఫిబ్రవరిలో పడింది. అప్పుడే ద్రాక్ష కోత. గడపగడపకూ తిరిగి పిలిచే మనిషి లేకపోతే పిల్లలు తోట ట్రాక్టరు ఎక్కుతారు. ముఖ్యంగా మన్నాన్ కూతురు తూబా. పటేల్ ద్రాక్షతోటకు కూలీలను సమకూర్చే మేస్త్రీ మన్నానే. మేస్త్రీ బిడ్డ బడిలో ఉన్నంతకాలం మిగతా ఇళ్లవాళ్లు నోరెత్తరు. ఆమె తోటకు పోయిందా, వెనకే అందరూ పోతారు.

"మామా, పొద్దుగాల పిలిచే పని ఇగ నీదే" అని నాకప్పగించి విమానం ఎక్కింది.

మొదటి వారం బాగానే గడిచింది. పొద్దున్నే ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేది. "ఈడ పిల్లలే బడి ఊడ్సుకుంటరు మామా, సార్లు గూడ చీపురు పడ్తరు. నారా అనే ఊర్ల ఇంత పెద్ద బుద్ధుణ్ణి చూపిచ్చిండ్రు!" అని, ఆ వెంటనే, "తూబా వచ్చిందా?" అనేది.

రెండో వారం ఒకనాడు నేను పోయేసరికి మన్నాన్ గడప ముందు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాలీలో తూబా, తలకు దస్తీ, చేతిలో కత్తెర. కింద ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఎక్కాలా వద్దా అని చూస్తున్నారు. నేను ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాను.

"జరుగు కాకా. నీకెందుకు గీ లొల్లి?" అన్నాడు మన్నాన్.

"నీ బిడ్డను దించు, జరుగుత."

"ఈమెను దించితే పటేల్ నన్ను దించుతడు. మాల్ పండి రాలిపోతాంది, చేతుల్లేవు. నీ మేనకోడలేమో జపాన్ల తిరుక్కుంట సైర్ జేయవట్టె!"

"గా ముచ్చట ఆమెకే చెప్పు, రా. ఇప్పుడు ఫోనొస్తది. భయమైతే వద్దు."

"నాకేం భయం? చల్!"

బూత్‌లో ఫోన్ మోగగానే రిసీవరు అతని చేతిలో పెట్టాను. జపాన్ పక్క వీధిలో ఉన్నట్టు అరిచి అరిచి చెప్పాడు. తర్వాత రిసీవరు చెవికి ఆనించుకుని విన్నాడు. సిద్దమ్మ గొంతు బయటికి వినబడుతూనే ఉంది.

"మన్నాన్ భాయ్, ట్రాక్టర్ తియ్యకు. నేను రేపే వాపస్ వస్త. సగంల వచ్చిందంటరు, అననీ."

సగంలో తిరిగొస్తే మళ్లీ మా వైపు టీచర్ను ఎవరు పంపుతారు? వెనకే వచ్చిన తూబా గుమ్మంలో నిలబడి తండ్రినే చూస్తోంది. మన్నాన్ తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నక్కో, వద్దు టీచరమ్మా! పూరా చూసి రా. నువ్వొచ్చేదాంక పటేల్‌కు నేను జవాబు చెప్పుకుంట. వచ్చినంక మాత్రం నువ్వే చెప్పాలె. బిడ్డ బడి పోవద్దు, నా మేస్త్రీపని పోవద్దు. ఎన్నడొస్తవ్ చెప్పు?"

ఆమె చెప్పింది. తూబా కత్తెర నా చేతిలో పెట్టి బడికి పరుగెత్తింది.

అప్పటినుంచి పిల్లలెవరూ తోటకు పోలేదు. పటేల్ రెండుసార్లు బడి గేటు దాకా వచ్చి, "మీ టీచర్ రానీ" అని పోయాడు. తూంకుంటలో వేరే మేస్త్రీని వెతుకుతున్నాడని వింటున్నాం. మన్నాన్ రోజూ నన్ను అడిగేది ఒక్కటే మాట, "ఇంకెన్ని దినాలు కాకా?" తూబా మాత్రం అడగదు. ఆనాడే నల్లబల్ల మూలన రాసి పెట్టింది, ఎవరూ చెరపలేదు: ఫిబ్రవరి ఇరవై మూడు, శనివారం.